ఫోన్ ఎత్తడం నుంచి జలుబు అంటుకోవడం దాకా: 'పిక్ అప్' సరిగ్గా వాడటం ఎలా?

'పికప్' అనే మాట తెలియని తెలుగువాళ్ళు ఇప్పుడు అరుదు. క్యాబ్ బుక్ చేస్తే పికప్ పాయింట్ అడుగుతుంది. పెళ్ళికి వచ్చే చుట్టాల పికప్, డ్రాప్ ఎవరు చూసుకోవాలని ఇంట్లో పంచాయితీ నడుస్తుంది. కొత్త బండి కొన్నవాణ్ణి పక్కింటాయన మొదట మైలేజీ అడుగుతాడు, తర్వాత 'పికప్ ఎలా ఉంది?' అంటాడు. నాలుగుసార్లు రింగ్ చేసినా జవాబు లేకపోతే 'పికప్ చేయడేంటి వీడు' అని విసుక్కుంటాం.

ఇంతగా నోట్లో నానిన మాటే ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మనల్ని తిప్పలు పెడుతుంది. ఎందుకంటే తెలుగులో మనం దాన్ని నామవాచకంగా తీసుకుని, వెనక 'చేయి' తగిలించి వాడుకుంటున్నాం. ఇంగ్లిష్‌లో అది క్రియ, అదీ రెండు ముక్కల క్రియ. ఆ ముక్కలు ఒక్కోసారి విడిపోయి మధ్యలో ఇంకొకరికి చోటిస్తాయి. తెలుగు అలవాటును అలాగే మోసుకెళితే 'ఐ విల్ పికప్ యూ' అని వస్తుంది. విన్నవాళ్ళకి అర్థమవుతుంది, కానీ వాక్యం తప్పు.

ఈ మార్గదర్శిలో అర్థాల జాబితా బట్టీ పట్టించను. ఒక్క అలవాటు చేయిస్తాను: 'పిక్ అప్' కనిపించగానే దాని పక్కన ఏ మాట ఉందో చూడటం. తెలుగులో మనం రోజూ చేసే పనే ఇది. తుప్పు పట్టింది, గంట పట్టింది, వాన పట్టింది, బస్సు పట్టుకున్నాను, జలుబు పట్టుకుంది. ఇన్నిచోట్లా 'పట్టు' ఒక్కటే అయినా ఎవరూ తడబడరు, పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది.

మెట్టు 1: ముందు 'అప్' తీసేసి చూడండి

మామిడి తోటలో ఉన్నారనుకోండి. 'పిక్ ద మ్యాంగోస్' అంటే చెట్టున ఉన్న కాయలు కోయమని. 'పిక్ అప్ ద మ్యాంగోస్' అంటే కింద రాలినవి ఏరమని. తోకలాంటి ఆ చిన్న మాట వల్ల పని చెట్టు మీంచి నేల మీదికి దిగింది.

ఒట్టి 'పిక్' అంటే కోయడం, లేదా నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడం. 'పిక్ ఎ కలర్' అంటే ఒక రంగు ఎంచుకోమని. ఇప్పుడు మనవాళ్ళు తరచూ అనే 'హి ఈజ్ నాట్ పికింగ్ మై కాల్' చూడండి. ఇందులో 'అప్' జారిపోయింది. దేశమంతటా ఇలా మాట్లాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇక్కడ చెల్లిపోతుంది. కానీ లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న క్లయింటుకు 'పిక్ ద ఫోన్' అంటే నాలుగు ఫోన్లు ముందు పెట్టుకుని ఒకటి ఎంచుకుంటున్నట్టు వినిపించవచ్చు. 'హి ఈజ్ నాట్ పికింగ్ అప్' అంటే చాలు, 'కాల్' అనే మాట కూడా అక్కర్లేదు.

ఈ తోకలతో తంటా మన ఒక్కరిదే కాదు. 1755లో తన ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించినప్పుడు శామ్యూల్ జాన్సన్ ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం తమ భాషలో చాలా ఎక్కువనీ, పరాయివాళ్ళను బాగా కష్టపెట్టేది ఇదేననీ అన్నాడు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ఈ జాతి క్రియలను 'ఫ్రేజల్ వెర్బ్' అంటూ, ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. పేరు ఎవరు పెడితేనేం, మనకు కావలసింది వాక్యంలో తప్పు లేకుండా ఉండటం.

మెట్టు 2: మధ్యలో ఎవరు కూర్చోవాలి?

వ్యాకరణం అంతా ఈ ఒక్క మెట్టులోనే ఉంది, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

వస్తువు పేరో మనిషి పేరో చెబుతుంటే రెండు చోట్లా పెట్టొచ్చు. 'పిక్ అప్ ద పార్సిల్' అన్నా సరే, 'పిక్ ద పార్సిల్ అప్' అన్నా సరే.

పేరుకు బదులు సర్వనామం, అంటే మీ, యూ, హిమ్, హర్, ఇట్, అజ్, దెమ్, వస్తే దానికి ఒకటే సీటు, మధ్య సీటు. 'పిక్ ఇట్ అప్', 'పిక్ హర్ అప్', 'పిక్ దెమ్ అప్'. 'పిక్ అప్ ఇట్' అనేది ఎక్కడా చెల్లదు. మొదట్లో చూసిన 'ఐ విల్ పికప్ యూ' తప్పవడానికి కారణం ఇదే. 'ఐ విల్ పిక్ యూ అప్' అనాలి.

వస్తువు పేరు పొడుగ్గా ఉంటే చివరికి తోసేయాలి. 'నిన్న నువ్వు ఆఫీసులో మర్చిపోయిన నల్ల గొడుగు' అనేంత పొడుగు మాటను మధ్యలో ఇరికిస్తే, 'అప్' వచ్చేసరికి వినేవాడు 'పిక్' సంగతి మర్చిపోతాడు. అందుకే 'ఐ పిక్ట్ అప్ ద బ్లాక్ అంబ్రెల్లా యూ లెఫ్ట్ ఇన్ ద ఆఫీస్ యెస్టర్‌డే' అంటారు.

కొన్ని అర్థాల్లో అసలు వస్తువే ఉండదు. 'బిజినెస్ ఈజ్ పికింగ్ అప్' అన్నప్పుడు దేన్ని అని అడగడానికి లేదు. వ్యాపారం తనంతట తాను ఊపందుకుంటోంది. ఇలాంటిచోట మధ్య సీటు ఖాళీయే.

మా ఇంట్లో పిల్లలకు నేను చెప్పే కిటుకు ఆటో సీటు. సర్వనామం చిన్న పిల్లాడి లాంటిది, ఎప్పుడూ ఇద్దరి మధ్య కూర్చోవాలి. పేరు పెద్దమనిషి, మధ్యలోనైనా కూర్చుంటాడు, చివరనైనా కూర్చుంటాడు. పెట్టెలూ సంచులూ వేసుకుని వచ్చినవాడికి మాత్రం చివరి సీటే.

మెట్టు 3: తెలుగు క్రియతో జత కట్టండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. 'పిక్ అప్ అంటే ఎత్తు' అని రాసుకోవద్దు. ఒక్కో పేజీకి ఒక్కో తెలుగు క్రియ శీర్షికగా పెట్టుకోండి. అలా చేస్తే అవసరమైనప్పుడు తెలుగు ఆలోచన నుంచే నేరుగా 'పిక్ అప్' గుర్తొస్తుంది. నా నోటుబుక్కులో ఉన్న పేజీలు ఇవి.

ఎత్తు, ఏరు. అసలు అర్థం. కింద పడ్డ పెన్ను, ఏడుస్తున్న బిడ్డ, రోడ్డు మీద చెత్త. 'ద బేబీ ఈజ్ క్రయింగ్, పిక్ హర్ అప్.' ఇక్కడ మనకు కష్టం ఉండదు. ఇందులోంచే వచ్చిందొకటి: పడిపోయిన మనిషి తనంతట తాను లేవడం. 'షి ఫెల్, బట్ షి పిక్ట్ హర్‌సెల్ఫ్ అప్.' సైకిల్ మీంచి పడి లేచినా అనొచ్చు, ఉద్యోగం పోయాక మళ్ళీ నిలదొక్కుకున్నా అనొచ్చు.

ఫోన్ ఎత్తు. ల్యాండ్‌లైన్ రోజుల్లో రిసీవర్‌ను నిజంగానే పైకి ఎత్తేవాళ్ళం, మాట అయిపోయాక పెట్టేసేవాళ్ళం. ఇంగ్లిష్‌వాళ్ళూ ఎత్తారు, కానీ గోడ ఫోన్ల కాలంలో కొక్కేనికి తగిలించేవాళ్ళు. అందుకే వాళ్ళకు ఫోన్ పెట్టేయడం 'హ్యాంగ్ అప్' అయింది. ఎత్తడానికీ 'అప్', పెట్టేయడానికీ 'అప్' ఏమిటని తికమకపడేవాళ్ళు ఆ కొక్కేన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇప్పుడు వేలితో తెరను పక్కకు జరుపుతున్నాం, అయినా మనం 'ఎత్తు' వదల్లేదు, వాళ్ళు 'పిక్ అప్' వదల్లేదు. 'ఐ కాల్డ్ హర్ ట్వైస్, బట్ షి డిడ్ంట్ పిక్ అప్.'

ఎక్కించుకో, తీసుకురా. మనం ఎక్కువగా వాడేది ఇదే. మనిషినైనా, వస్తువునైనా, ఉన్నచోటికి వెళ్ళి తీసుకురావడం. 'కెన్ యూ పిక్ అప్ మై గ్రాండ్‌ఫాదర్ ఫ్రమ్ ద స్టేషన్?' తాతయ్యను ఎత్తుకుని రమ్మని కాదు, స్టేషన్ నుంచి తీసుకురమ్మని. దీనికి ఎదురుమాట 'డ్రాప్ ఆఫ్'. దిగబెట్టి రావడం. 'ఐ విల్ డ్రాప్ యూ ఆఫ్ ఎట్ ద బస్ స్టాండ్.' ఇక్కడా 'యూ' మధ్య సీట్లోనే ఉంది, గమనించారా?

వచ్చేదారిలో కొనుక్కురావడం కూడా ఈ పేజీలోనే. 'పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్.' పనిగట్టుకుని వెళ్ళి చేసే పెద్ద కొనుగోలుకు ఇది అంతగా నప్పదు, దారిలో ఆగి తెచ్చుకునే వాటికి సరిపోతుంది. చవగ్గా దొరికిందన్న సంతోషం కూడా ఇందులో పలుకుతుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి మంచిది పట్టుకున్నారనుకోండి, 'ఐ పిక్ట్ ఇట్ అప్ ఫర్ ఫిఫ్టీ రుపీస్' అనొచ్చు.

ఒంటబట్టు. నాకు బాగా ఇష్టమైన పేజీ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా, వింటూ చూస్తూ వచ్చేసిన విద్య. హైదరాబాద్ పాతబస్తీలో పెరిగిన తెలుగు పిల్లలకు ఉర్దూ ఎలా వస్తుందో అలా. బెంగళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం చేసినవాడు 'ఐ పిక్ట్ అప్ సమ్ కన్నడ' అంటాడు. అదే మూడు నెలలు క్లాసుకు వెళ్ళి, ఫీజు కట్టి, పరీక్ష రాస్తే అది 'లెర్న్'. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోచింగ్‌లో రెండేళ్ళు కూర్చున్నవాడు 'ఐ పిక్ట్ అప్ ఫిజిక్స్' అంటే, ఆ రెండేళ్ళ కష్టమూ నీటిపాలు చేసుకున్నట్టే.

అలవాట్లూ ఇలాగే ఒంటబడతాయి, మంచివీ చెడ్డవీ. 'హి పిక్ట్ అప్ దట్ హ్యాబిట్ ఇన్ ద హాస్టల్.' ఏ అలవాటని మనవాళ్ళెవరూ అడగరు.

అంటుకో. ఒంటబట్టడానికి ఇది పక్కింటిదే. 'ఐ పిక్ట్ అప్ ఎ కోల్డ్ ఆన్ ద ట్రెయిన్.' జలుబు, ఫ్లూ, కడుపులో ఇన్ఫెక్షన్ లాంటి బయటినుంచి అంటుకునేవే ఇందులోకి వస్తాయి. షుగరు, బీపీ రావు, ఎందుకంటే అవి అంటువ్యాధులు కావు.

కోలుకో. ఇక్కడే తిరకాసు. 'షి పిక్ట్ అప్ ఎ ఫీవర్' అంటే జ్వరం అంటుకుంది. 'షి ఈజ్ పికింగ్ అప్' అంటే కోలుకుంటోంది. ఒకే క్రియ జబ్బునూ చెబుతుంది, నయమవడాన్నీ చెబుతుంది. పక్కన రోగం పేరుంటే జబ్బు, ఏమీ లేకపోతే కోలుకోవడం. పక్క మాట చూడమని మొదట్లో చెప్పింది ఇందుకే.

ఊపందుకో, జోరందుకో. రైలు స్టేషన్ వదిలాక వేగం అందుకుంటుంది, 'ద ట్రెయిన్ పిక్ట్ అప్ స్పీడ్'. తుపాను దగ్గరపడుతున్నకొద్దీ గాలి జోరందుకుంటుంది, 'ద విండ్ ఈజ్ పికింగ్ అప్'. సంక్రాంతి ముందు బట్టల షాపుల్లో అమ్మకాలు ఊపందుకుంటాయి, 'సేల్స్ ఆర్ పికింగ్ అప్'. 'స్పీడ్' ఉన్నచోట దాన్ని మధ్యలో పెట్టరు. 'పిక్ట్ స్పీడ్ అప్' అనరు, అది అంటుకుపోయిన జంట.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వ్యాపారం విషయంలో 'పిక్ అప్' అంటే ఉత్త పెరగడం కాదు, నీరసంగా ఉన్నది తేరుకోవడం. అందులో 'హమ్మయ్య' ఉంది. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర లేచిందనుకోండి. రైతు 'ప్రైసెస్ హావ్ పిక్ట్ అప్' అంటాడు. అదే ధర చూసి గుండె గుభేలుమన్న గృహిణి 'ప్రైసెస్ హావ్ గాన్ అప్' అంటుంది. ధర ఒకటే, చెప్పేవాళ్ళు ఏ ఒడ్డున ఉన్నారో క్రియ చెప్పేస్తుంది. పెట్రోలు రేటు పెరిగిందని చెప్పడానికి మనలాంటివాళ్ళు 'పిక్ అప్' వాడితే కొంచెం వింతగా ఉంటుంది.

అందు, పసిగట్టు. మైకు చప్పుడును అందుకుంటుంది, రేడియో స్టేషన్‌ను అందుకుంటుంది, కుక్క వాసన పడుతుంది. అన్నిటికీ 'పిక్ అప్' సరిపోతుంది. ఆన్‌లైన్ మీటింగులో 'యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద ఫ్యాన్' అని ఎవరైనా అంటే, మీ మైకులో ఫ్యాను మోత వినిపిస్తోందని. ఫ్యాను ఆపమన్నట్టే.

మనిషి మనసులో మాట పసిగడితే తోకకు ఇంకో తోక వస్తుంది: 'పిక్ అప్ ఆన్'. 'షి పిక్ట్ అప్ ఆన్ మై టెన్షన్.' నేనేమీ చెప్పకపోయినా నా టెన్షన్ పసిగట్టింది. ఈ మూడు ముక్కల క్రియలో మధ్య సీటు లేదు, సర్వనామమైనా చివరే: 'షి పిక్ట్ అప్ ఆన్ ఇట్'. మీటింగులో ఒకరు లేవదీసిన అంశాన్ని మీరు కొనసాగించాలంటే 'ఐ వుడ్ లైక్ టు పిక్ అప్ ఆన్ దట్ పాయింట్' అనండి, మర్యాదగా ఉంటుంది. బ్రిటన్‌లో మాత్రం 'హి పిక్ట్ మీ అప్ ఆన్ మై స్పెల్లింగ్' అంటే నా తప్పు పట్టుకున్నాడని. మధ్యలో మనిషి దూరగానే పసిగట్టడం కాస్తా తప్పు పట్టడం అయింది.

ఆపినచోట అందుకో. హరికథ మధ్యలో పిట్టకథ చెప్పి, దాసుగారు మళ్ళీ అసలు కథ అందుకుంటారు చూడండి, అదే. 'లెట్స్ పిక్ అప్ వేర్ వీ లెఫ్ట్ ఆఫ్.' ఆఫీసులో లంచ్ తర్వాత మీటింగ్ మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఈ వాక్యం బాగా పనికొస్తుంది, మొత్తంగా నేర్చేసుకోండి.

బిల్లు కట్టు. 'ద కంపెనీ విల్ పిక్ అప్ ద బిల్' అంటే కంపెనీయే కడుతుందని. హోటల్లో బల్ల మీద పెట్టిన బిల్లును ముందు ఎవరు అందుకుంటే వాళ్ళదే ఖర్చు. మనవాళ్ళు కౌంటర్ దగ్గర 'నేనిస్తానంటే నేనిస్తాను' అని చేతులు పట్టుకుని గుంజుకుంటారు కదా, అంత గొడవకూ ఇంగ్లిష్‌లో ఈ ఒక్క మాటే.

అదుపులోకి తీసుకో. 'ద పోలీస్ పిక్ట్ హిమ్ అప్ ఫర్ క్వశ్చనింగ్.' పత్రికల్లో 'అదుపులోకి తీసుకున్నారు' అని రాస్తారు, వీధిలో 'ఎత్తుకెళ్ళారు' అంటాం. ఇంగ్లిష్ మాట మన వీధిమాటకే దగ్గర.

సర్దు. ఇది ఎక్కువగా అమెరికా వాడుక. అక్కడి తల్లులు పిల్లలతో 'పిక్ అప్ యువర్ రూమ్' అంటారు. గది ఎలా ఎత్తుతారని ఆలోచించొద్దు, చిందరవందరగా పడున్నవి తీసి సర్దమని. పార్కుల్లో 'పిక్ అప్ ఆఫ్టర్ యువర్ డాగ్' అని బోర్డులుంటాయి. పిల్లల దగ్గర ఉందామని వెళ్ళి, సాయంత్రం నడకకు బయల్దేరిన మన అమ్మానాన్నలకు ఆ బోర్డు మొదట అర్థం కాకపోవచ్చు. కుక్క చేసినదాన్ని మీరే తీయండి అని దాని భావం.

ఇక పరువుకు సంబంధించిన పేజీ ఒకటుంది. బార్లోనో పార్టీలోనో పరిచయం లేనివాళ్ళతో మాటలు కలిపి వలలో వేసుకోవడాన్ని కూడా 'పిక్ అప్' అంటారు. అందుకోసం వాడే అరిగిపోయిన డైలాగు 'పికప్ లైన్'. అందుకే 'ఐ వెంట్ టు ద బస్ స్టాప్ టు పిక్ అప్ ఎ గర్ల్' అని అమాయకంగా అన్నా, విన్నవాళ్ళు కనుబొమలు ఎగరేస్తారు. ఎవరో చెప్పేయండి: 'మై సిస్టర్', 'మై కొలీగ్'. 'ఎ గర్ల్' తీసేసి 'మై సిస్టర్' పెడితే చాలు, ఏ అపార్థమూ ఉండదు.

మెట్టు 4: కలిపి రాస్తే పేరు, విడదీస్తే పని

'పిక్', 'అప్' మధ్య ఖాళీ ఉంటే క్రియ. కలిపి రాసినా, మధ్యలో చిన్న గీత పెట్టినా నామవాచకం. 'వాట్ టైమ్ ఈజ్ ద పికప్?' అన్నది పేరు. 'వాట్ టైమ్ విల్ యూ పిక్ మీ అప్?' అన్నది పని. ఆఫీసు మెయిల్లో 'ప్లీజ్ పికప్ ద డాక్యుమెంట్స్' అని కలిపి రాయడం చాలా మామూలుగా కనిపించే తప్పు.

పేరుగా వాడేచోట మన తెలుగు వాడుకలు చాలావరకు సరైనవే. సామాను తీసుకెళ్ళే వెనక తొట్టి బండి 'పికప్'. బండి వేగం అందుకునే శక్తినీ 'పికప్' అనడం అమెరికన్ నిఘంటువుల్లో ఉంది, పక్కింటాయన ప్రశ్నలో తప్పులేదు. తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పరికరాన్నీ 'పికప్' అంటారు. ఎలక్ట్రిక్ గిటారుకు ఉండేది అదే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎంచుకున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కూ అదే ప్రాణం.

'పిక్-మీ-అప్' అనేది ఇంకో పేరు. నీరసంగా ఉన్నప్పుడు లేపి కూర్చోబెట్టేది. నాలుగింటికి పడాల్సిన చాయ్ అన్నమాట.

మెట్టు 5: సంధి చేసి పలకండి

రాసేటప్పుడు విడదీయాలి, పలికేటప్పుడు కలిపేయాలి. సంధులు చదువుకున్నవాళ్ళం, మనకిది కష్టం కాదు. 'పిక్ ఇట్ అప్' మూడు మాటల్లా వినపడదు, 'పికిటప్' అని ఒకే మాటలా వస్తుంది. వినేటప్పుడు అది పట్టుకోలేకే చాలామంది సినిమాలో డైలాగు అర్థం కాలేదంటారు.

భూతకాలంలో 'పిక్కెడ్' అనొద్దు. 'క' తర్వాత వచ్చే ఆ చివరి అక్షరాలు 'ట్' అని పలుకుతాయి: 'పిక్ట్'. అప్ కలిస్తే 'పిక్టప్'. 'పిక్ట్ ఇట్ అప్' అంటే 'పిక్టిటప్'. పది నిమిషాలు అద్దం ముందు అనండి, ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనీయండి.

ఒత్తు కూడా మారుతుంది. పేరైతే ఒత్తు ముందు, 'పిక్'మీద. 'పిక్ ఇట్ అప్' లాంటి క్రియలో ఒత్తు 'అప్' మీద పడుతుంది.

మెట్టు 6: వాడకూడని చోటు

మాటల్లో, చాటింగులో, మామూలు మెయిల్లో 'పిక్ అప్' హాయిగా వాడొచ్చు. వీసా ఆఫీసుకు ఉత్తరం, పరిశోధన వ్యాసం, ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో వ్యాసం లాంటివైతే ఒంటిమాట క్రియ మేలు. తీసుకోవడానికి 'కలెక్ట్', నైపుణ్యం సంపాదించడానికి 'అక్వైర్', మెరుగవడానికి 'ఇంప్రూవ్', గుర్తించడానికి 'డిటెక్ట్', మళ్ళీ మొదలుపెట్టడానికి 'రెజ్యూమ్'. అలాగని స్నేహితుడితో 'ఐ షల్ కలెక్ట్ యూ ఎట్ ఫైవ్' అంటే బ్రిటిష్ దొర దిగొచ్చినట్టుంటుంది. ఎక్కడి బట్టలు అక్కడే కట్టుకోవాలి.

మెట్టు 7: వారం రోజుల పని

మొదటి రెండు రోజులు మధ్య సీటు ఒక్కటే సాధన చేయండి. చేతిలోంచి ఏది కింద పెట్టి తీసినా 'ఐ పిక్ట్ ఇట్ అప్' అనుకోండి. తాళాలు తీస్తే 'దెమ్'. మూడో రోజు నుంచి రోజుకు మూడు తెలుగు పేజీలు తీసి, ఒక్కో దానికి మీ జీవితంలోంచే ఒక వాక్యం రాయండి. పుస్తకంలో వాక్యం వద్దు. మీ బాబాయి ఫోన్ ఎత్తకపోవడం, మీకు ఒంటబట్టిన యాస, మీ ఊరి సంతలో చవగ్గా దొరికిన వస్తువు, ఇలాంటివైతేనే గుర్తుంటాయి. ఆ రోజుల్లోనే వార్తలో సిరీస్‌లో చూస్తూ 'పిక్ అప్' వినపడ్డప్పుడల్లా అది మీ నోటుబుక్కులో ఏ పేజీకి చెందుతుందో పట్టుకోండి. ఏ పేజీలోనూ ఇమడనిది దొరికితే కొత్త పేజీ తెరవండి.

వారం అయ్యాక ఈ ఏడు వాక్యాలు కాగితం మీద ఇంగ్లిష్‌లోకి మార్చండి. జవాబులు కిందే ఉన్నాయి, చేత్తో మూసుకోండి.

ఒకటి, నేను నిన్ను ఆరింటికి ఎక్కించుకుంటాను. రెండు, వాడు నా ఫోన్ ఎత్తలేదు. మూడు, అక్క చెన్నైలో ఉండి తమిళం ఒంటబట్టించుకుంది. నాలుగు, నాకు ఆఫీసులో జలుబు అంటుకుంది. ఐదు, అమ్మ దాన్ని పసిగట్టింది. ఆరు, దీపావళికి ముందు వ్యాపారం ఊపందుకుంది. ఏడు, ఆ పుస్తకాలు కింద పడ్డాయి, వాటిని తియ్యి.

ఇప్పుడు చెయ్యి తీసి చూడండి.

ఒకటి: 'ఐ విల్ పిక్ యూ అప్ ఎట్ సిక్స్.' 'యూ' చివరికి పోయి ఉంటే రెండో మెట్టు మళ్ళీ చదవండి.

రెండు: 'హి డిడ్ంట్ పిక్ అప్.' 'మై కాల్' రాసినవాళ్ళు దాన్ని కొట్టేయండి.

మూడు: 'మై సిస్టర్ పిక్ట్ అప్ తమిళ్ ఇన్ చెన్నై.'

నాలుగు: 'ఐ పిక్ట్ అప్ ఎ కోల్డ్ ఎట్ వర్క్.' 'ఎ' మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ఐదు: 'మామ్ పిక్ట్ అప్ ఆన్ ఇట్.' 'పిక్ట్ ఇట్ అప్' అని రాసుంటే, అమ్మ దాన్ని పసిగట్టలేదు, నేలమీంచి తీసి పైన పెట్టింది.

ఆరు: 'బిజినెస్ పిక్ట్ అప్ బిఫోర్ దీపావళి.'

ఏడు: 'దోజ్ బుక్స్ హావ్ ఫాలెన్, పిక్ దెమ్ అప్.' రెండో ముక్కను 'పిక్ దెమ్' అని ఆపేసినవాళ్ళు ఒకసారి మామిడి తోటకు వెళ్ళి రావాలి.